టీచర్ గారి హిమాలయన్: 52 కిలోల రైడర్‌కి షాకప్‌లు కుదిర్చిన కేసు

ఏప్రిల్ ఆఖర్లో, బడులకు సెలవులిచ్చిన వారం, ఫతేనగర్‌లో మా షెడ్డు ముందు ఒక హిమాలయన్ వచ్చి ఆగింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 411, బీఎస్6 మోడల్. నడుపుకుంటూ వచ్చింది ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పే టీచర్ గారు. బండికి స్టాండ్ వేసి, గ్లవ్స్ తీసి, ముందుగా అరచేతులు చూపించారు. రెండు చేతుల్లోనూ బొటనవేలి మొదట్లో చర్మం కమిలి ఎర్రగా ఉంది.

"అన్నా, వికారాబాద్ అనంతగిరి దాకా పోయొస్తేనే ఇట్ల అయింది. ఇంకో నెలలో ఇదే బండి మీద మనాలి నుంచి లేహ్ పోవాలె. షాకప్‌లు మార్చేస్తే తగ్గుతదా?"

అంతకుముందే ఇంకో షాపులో చూపించారట. కొండల్లోకి పోతున్నారు, లగేజీ ఉంటుంది, గట్టిగా ఉండాలి అని చెప్పి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల్లో ఏదో వేశారు, వెనక షాకప్ చివరి మెట్టు దాకా బిగించారు. బిల్లు మీద "సస్పెన్షన్ టైట్" అని ఒక్క ముక్క రాసి ఉంది. ఏం వేశారో, ఎంత వేశారో ఎక్కడా లేదు.

ఈ కేసు పూర్తిగా రాయడానికి నాకు రెండు కారణాలున్నాయి. ఒకటి, 90 కిలోల మనిషి వచ్చి బండి కుంగిపోతోంది అంటే ఏం చేయాలో మన దగ్గర అందరికీ తెలుసు, 52 కిలోల మనిషి వస్తే మాత్రం అదే మందు వేస్తున్నాం, అది చేతులకీ నడుముకీ ఎంత చేటో మనం పట్టించుకోవడం లేదు. రెండోది, ఈ పనిలో నేను ఒక తప్పు చేశాను, అది హైదరాబాద్‌లో ఎన్ని టెస్టులు చేసినా బయటపడదు, బండి 5,000 మీటర్లు ఎక్కాకే బయటపడింది. ఇక్కడి నుంచి ప్రతి వేసవిలో లద్దాఖ్‌కి బండ్లు తయారు చేసి పంపేవాళ్ళు ఆ భాగం తప్పకుండా చదవాలి.

ముందు కొలతలు. బండి ఒట్టి బరువు పుస్తకంలో 199 కిలోలు, ముందు సస్పెన్షన్ ప్రయాణం 200 మిల్లీమీటర్లు, వెనక 180. టీచర్ గారు 52 కిలోలు, హెల్మెట్, జాకెట్, బూట్లు అన్నీ వేసుకుని మా తూకం మీద నిలబడితే 60. మేం మొదట చూసేది సాగ్, అంటే మనిషి కూర్చున్నాక బండి తన బరువుకీ ఆ మనిషి బరువుకీ కలిపి ఎంత దిగుతుందనేది. చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి పైన ఒక గుర్తు దాకా కొలిచి, తర్వాత రైడర్‌ని పూర్తి గేర్‌తో కూర్చోబెట్టి మళ్ళీ కొలవాలి. ముగ్గురు కావాలి, ఒకరు బండి పట్టుకోవడానికి, ఒకరు కొలవడానికి, మూడోవారు రైడరే. ఫోర్కులో సీల్, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు, దాని రాపిడి వల్ల ఒకసారి కొలిస్తే సరిపోదు. బండిని కిందికి నొక్కి మెల్లగా వదిలి ఒకసారి, పైకి లాగి మెల్లగా దించి ఒకసారి కొలిచి, రెండింటి మధ్య అంకె తీసుకోవాలి. ఇలాంటి దారులకి మొత్తం ప్రయాణంలో 25 నుంచి 30 శాతం దాకా దిగితే బాగుంటుంది. ఆ దిగిన భాగమే చక్రం గుంతలోకి దిగడానికి మిగిలే జాగా. అది లేకపోతే గుంత రాగానే చక్రం గాల్లో వేలాడుతుంది, తర్వాతి రాయికి ఠంగున కొడుతుంది.

ఈ బండి ముందు 29 మిల్లీమీటర్లే దిగింది. 200లో 29 అంటే పద్నాలుగున్నర శాతం. వెనక 26. ఆవిడ దాదాపు రాతిబండ మీద కూర్చుని అనంతగిరి పోయొచ్చినట్టే.

ఫోర్కు గొట్టానికి ఒక సన్న జిప్‌టై కట్టి, ఆవిడని మా గల్లీ చివర రైల్వే లైన్ పక్కన ఉన్న గుంతల దారిలో రెండు రౌండ్లు తిప్పించాం. సీల్ పైకి జరిగినంత మేర జిప్‌టైని నెడుతుంది, ఎక్కడ ఆగిందో చూస్తే ఎంత ప్రయాణం వాడుకుందో తెలిసిపోతుంది. 118. మిగతా 82 మిల్లీమీటర్లకి కంపెనీ డబ్బులు తీసుకుంది, టీచర్ గారు డబ్బులు కట్టారు, వాడుకోవడానికి మాత్రం వీల్లేకుండా ఉంది.

మరుసటి రోజు ఫోర్కులు విప్పాం. విప్పే ముందు ఒక మాట, కొత్తగా నేర్చుకునే పిల్లలకి: పైన క్యాప్‌ని ఫోర్కు బండి మీద ఉండగానే కొంచెం వదులు చేసి పెట్టుకోండి, బయటికి లాగాక బెంచీ వైస్‌లో పట్టి తిప్పబోతే గొట్టం మీద గీతలు పడతాయి. మా షాగిర్దు ఫోర్కు కుడి కాలు, అంటే కుడి గొట్టం, క్యాప్ తిప్పుతుంటే చివరి రెండు చుట్ల దగ్గర అది అంగుళం పైకి ఎగిరింది. స్ప్రింగ్ పైన 20 మిల్లీమీటర్ల ఇనుప దిమ్మ కోసి పెట్టారు. ఆయిల్ ట్రేలోకి వంచితే తేనెలాగా మెల్లగా జారింది. వాసన చూస్తే తెలిసిపోయింది, ఫోర్క్ ఆయిల్ కాదు, ఇంజిన్ ఆయిల్. స్ప్రింగ్ తీసి, ఎడమ కాలు పూర్తిగా మూసి పై అంచు నుంచి స్కేలు దించితే ఆయిల్ 85 మిల్లీమీటర్ల దగ్గరే తగిలింది. అంటే గాలికి జాగా లేకుండా పోసేశారు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే గట్టిపరచడం అన్న మాట కింద మూడు వేర్వేరు పనులు కలిసిపోతున్నాయి. దిమ్మ వేస్తే స్ప్రింగ్ గట్టిపడదు, ముందే కొంత నొక్కుకుని ఉంటుంది, బండి ఎత్తు పెరుగుతుంది, సాగ్ పోతుంది. చిక్కటి ఆయిల్ వేస్తే స్ప్రింగ్‌కి ఏమీ కాదు, కానీ ఫోర్కు కదిలే వేగం తగ్గిపోతుంది. ఈ బండిలో ఉన్నది డ్యాంపర్ రాడ్ ఫోర్కు, అంటే ఆయిల్ స్థిరమైన రంధ్రాల గుండా పోవాలి. మెల్లగా కదిలితే పెద్దగా అడ్డం ఉండదు, పదునైన రాయి తగిలి ఒక్కసారిగా కదిలితే అడ్డం వేగానికి వర్గంగా పెరుగుతుంది, వేగం రెట్టింపయితే దెబ్బ నాలుగు రెట్లు. అందులో ఇంజిన్ ఆయిల్ పోస్తే ఆ రాయి దెబ్బ నేరుగా హ్యాండిల్‌కి వస్తుంది. ఇక ఆయిల్ మట్టం పెంచితే పైన మిగిలిన కొద్దిపాటి గాలి, ఫోర్కు మూసుకునేకొద్దీ రెండో స్ప్రింగ్‌లా గట్టిపడుతుంది, చివరి భాగం అసలు అందదు. ఈ మూడూ ఒకే బండికి ఒకేసారి చేశారు. అది కూడా 52 కిలోల మనిషికి.

ఆ సాయంత్రం టీచర్ గారు వచ్చినప్పుడు ఇనుప దిమ్మలు చేతిలో పెట్టాం. ఆవిడ వాటిని అటూఇటూ తిప్పి చూసి, "దీనికి నేను డబ్బులిచ్చిన్నా?" అన్నారు, అంతే.

తర్వాత ఏం వేయాలన్న చర్చ. ఆవిడ తమ్ముడు అమెరికాలో కొలరాడోలో ఉంటాడు, చలికాలంలో స్నేహితులతో కలిసి స్నోమొబైల్ నడుపుతాడు. అతను అక్కకి పెద్ద మెసేజ్ పెట్టాడు: స్టీల్ స్ప్రింగ్ ఉన్న షాక్‌లు తీసేసి గాలి షాక్‌లు వేసుకో, లేదంటే టైటానియం స్ప్రింగ్ వేసుకో, లిథియం బ్యాటరీ పెట్టు, బరువు తగ్గించడమే అసలు అప్‌గ్రేడ్ అని. అతను చెప్పింది తప్పేం కాదు. కొండల మీద మెత్తటి మంచులో నడిపే స్నోమొబైల్ తేలాలి, ప్రతి కిలో దాన్ని మంచులోకి కుంగదీస్తుంది, దిగబడితే మనిషే తవ్వి లాగాలి. అందుకే వాళ్ళు గాలి షాక్‌లనీ, క్రోమోలీ ఉక్కు గొట్టాల సస్పెన్షన్ చేతులనీ, టైటానియం స్ప్రింగ్‌లనీ గ్రాము గ్రాము లెక్కపెట్టి వేస్తారు. మన దారి మంచు కాదు, రాళ్ళు. రాళ్ళ మీద చక్రంతో పాటు పైకీ కిందికీ ఆడే భాగం బరువు, అంటే చక్రం, బ్రేకు, ఫోర్కు కింది భాగం, ఇవి తేలికైతే లాభం ఉంది, ఎందుకంటే రాయి తగిలి ఎగిరిన చక్రాన్ని స్ప్రింగ్ త్వరగా నేలకి తేగలుగుతుంది. పైన కూర్చున్న బరువు లెక్క వేరు.

గాలి షాక్ వద్దని నేను చెప్పిన కారణం ఇది. 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టిన షాక్‌ని ఇక్కడి నుంచి 5,300 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తే బయటి గాలి ఒత్తిడి 6 పీఎస్ఐ దాకా తగ్గుతుంది, లోపల ఉన్నది మాత్రం అలాగే ఉంటుంది, షాక్ పదో వంతు గట్టిపడినట్టు లెక్క. స్నోమొబైల్ వాళ్ళు కొండ దగ్గరే పంపు పెట్టి సరిచేసుకుంటారు, రోజూ దాదాపు అదే ఎత్తుల మధ్య తిరుగుతారు. మనాలి–లేహ్ దారిలో ఒక్క రోజులోనే వెయ్యి మీటర్లు పైకీ కిందికీ తిరగాలి. ఈ మాట టీచర్ గారికి నోట్‌బుక్ మీద గీసి మరీ చెప్పాను. ఫోర్కులో కూడా గాలి ఉంటుందని మాత్రం ఆ రోజు నాకు తట్టలేదు.

లిథియం బ్యాటరీ తేలికే, రెండు కిలోలు తగ్గుతుంది, కానీ దారిలో రాత్రి ఆగే సర్చూ టెంట్‌లో రాత్రంతా గడ్డకట్టి పొద్దున సెల్ఫ్ కొడితే అది లెడ్ బ్యాటరీ కంటే బద్ధకిస్తుంది. వద్దన్నాం. అల్యూమినియం వెనక స్ప్రాకెట్ దుమ్ములో త్వరగా అరిగిపోతుంది, అదీ వద్దన్నాం. సెంటర్ స్టాండ్ తీసేద్దామా అని ఆవిడే అడిగారు, పంక్చర్ అయితే చక్రం ఎలా తీస్తారు మేడమ్ అన్నాను. టైటానియం స్ప్రింగ్ ధర విని ఆవిడే నవ్వేశారు.

అసలు బరువు ఎక్కడుందో మా షెడ్డులో తూకం వేసి చూశాం. ఆవిడ మర్నాడు సామాను మొత్తం ఆటోలో వేసుకుని వచ్చారు, ఏది ఎలా కడతారో అలాగే. స్టీల్ పెట్టెలు రెండూ ఒట్టివే 11 కిలోలు. వాటిలో డబుల్ పానాల సెట్, రెండు పెట్రోల్ క్యాన్లు, స్లీపింగ్ బ్యాగ్, అమ్మ కట్టిచ్చిన ఆవకాయ స్టీల్ డబ్బాతో సహా, సకినాలు, మూడు జతల బూట్లు. మొత్తం 38 కిలోలు. అదంతా వెనక చక్రం ఇరుసుకీ వెనకాల, పైన వేలాడుతుంది, అక్కడ పెట్టిన బరువు ముందు చక్రాన్ని తేలికచేసి లేపుతుంది, కంకర మీద హ్యాండిల్ ఊగడానికి అదొక్కటే చాలు. నేలమీద ప్లాస్టిక్ షీట్ పరిచి గంటన్నర కూర్చున్నాం. స్టీల్ పెట్టెల స్థానంలో రెండు బట్ట సంచులు. లేహ్ దారిలో తాండీ పెట్రోల్ పంపు దగ్గర "తర్వాతి పంపు 365 కిలోమీటర్లు" అన్న బోర్డు ఏళ్ళుగా రైడర్లందరికీ తెలిసినదే, ట్యాంక్ 15 లీటర్లు, ఆవిడ బండి లీటరుకి 30 ఇస్తోంది, కొండల్లో 25 అనుకున్నా 375 వస్తుంది, కాబట్టి 5 లీటర్ల క్యాన్ ఒక్కటి చాలు. ఆవకాయ డబ్బాలోంచి ప్యాకెట్లోకి మారింది, దాన్ని ఇంట్లో వదిలేయమని నేను అనలేదు, అనను. చివరికి 17 కిలోలు తేలింది. పైసా ఖర్చు లేకుండా 21 కిలోలు దిగాయి. తర్వాత మేం వేసిన ఖరీదైన షాక్ తగ్గించింది 800 గ్రాములు. నేను ఆ షాక్ వేసినందుకు ఈ రోజుకీ సంతోషంగానే ఉన్నాను, కానీ ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

ఇక పని. ముందు ఫోర్కుల్లోకి ఎమ్యులేటర్లు ఎంచుకున్నాం. ఇది డ్యాంపర్ రాడ్ నెత్తిన కూర్చునే చిన్న వాల్వ్, చూడటానికి రూపాయి బిళ్ళల దొంతరలా ఉంటుంది. మెల్లగా కదిలేటప్పుడు ఆయిల్‌ని ఆపుతుంది, పదునైన దెబ్బ తగిలినప్పుడు దాని మీది చిన్న స్ప్రింగ్ లేచి దారి ఇస్తుంది, అంటే రంధ్రాల ఫోర్కు చేసే తప్పుకి సరిగ్గా తిరగేసిన పని. పూర్తి క్యార్ట్రిడ్జ్, అంటే లోపలి వాల్వుల సెట్టు మొత్తం, వేస్తే ఇంకా బాగుంటుంది, ధర కూడా చాలా పైకి పోతుంది. 60 కిలోల రైడర్‌కి, సగటున గంటకి 40 కిలోమీటర్లు పోయే దారికి ఎమ్యులేటర్ చాలని నా అభిప్రాయం, ఇప్పటికీ అదే.

ఎమ్యులేటర్ పనిచేయాలంటే కింద రాడ్‌లోని కంప్రెషన్ రంధ్రాలు అడ్డం రాకూడదు, వాటిని 8 మిల్లీమీటర్లకి పెద్దవి చేయాలి. ఈ పని షెడ్డులో చేతి డ్రిల్లుతో చేయకండి. మేం బాలానగర్‌లో మాకు అలవాటైన లేత్ ఉస్తాద్ దగ్గరికి పట్టుకెళ్ళాం. ఆయన రాడ్‌ని వీ బ్లాక్ మీద కట్టి, ఒక్కో రంధ్రం వేశాక లోపలి నుంచి వేలు పెట్టి తడిమి, వేలికి గీరుకున్నంత బొడిపె ఉంటే మళ్ళీ రీమర్ తిప్పి, అలా రెండు రాడ్‌లకీ గంటన్నర తీసుకున్నారు. చిన్న లోహపు పొట్టు లోపల మిగిలితే వెయ్యి కిలోమీటర్లలో గొట్టాల మధ్య ఉండే బుష్‌ని తినేస్తుంది. షెడ్డుకి తెచ్చాక కిరోసిన్‌లో మూడుసార్లు కడిగి, తెల్ల గుడ్డ లోపల దూర్చి లాగి, గుడ్డ మీద మెరుపు కనపడనిదాకా వదల్లేదు.

విప్పినప్పుడు ఇంకోటి కనపడింది. ఎడమ గొట్టం మీద, సీల్ ఆడే చోట, గోరుకి తగిలేంత చిన్న రాతి గాటు. సీల్ కారడానికి అది చాలు. కొత్త సీల్ వేసి సరిపెట్టుకుంటే దారిలో కీలాంగ్ ఊరు దాటకముందే ఆయిల్ బ్రేక్ డిస్క్ మీదికి దిగుతుంది, అప్పుడు ముందు బ్రేకు లేనట్టే. సన్నటి నూనె రాయితో గాటు అంచులు మాత్రం సాపు చేసి, తర్వాత రెండు వేల నంబర్ కాగితాన్ని నూనెలో తడిపి అడ్డంగా రుద్దాం. నిలువుగా రుద్దితే ఆ గీతల వెంటే ఆయిల్ బయటికి వస్తుంది. రాణీగంజ్ నుంచి సీల్స్, కొత్త రాగి వాషర్లు వచ్చాయి. బుష్‌ల మీద టెఫ్లాన్ పూత ఒక పక్క పోయి రాగి రంగు తేలింది, అవీ మార్చాం.

ఎమ్యులేటర్ కిట్‌తో వచ్చిన కొత్త స్ప్రింగ్‌లు పాతవాటికంటే పొట్టివి, ఒక్కోటి మిల్లీమీటరుకి 6.5 న్యూటన్లు. వాటి పైన అల్యూమినియం గొట్టం స్పేసర్‌గా కోయాలి. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు: ఎమ్యులేటర్ మందం 13 మిల్లీమీటర్లు స్ప్రింగ్ కింద కూర్చుంది కదా, అంత మేర స్పేసర్ తగ్గించకపోతే మనం కూడా ఆ ఇనుప దిమ్మ వేసినవాళ్ళమే అవుతాం. మేం మొదట కాస్త పొడుగ్గానే కోసి, కొలిచి, తీసి, మళ్ళీ కోశాం. మూడోసారికి ముందు సాగ్ 54 మిల్లీమీటర్లకి వచ్చింది, అంటే 27 శాతం.

ఆయిల్ విషయంలో డబ్బా మీది 5డబ్ల్యూ, 10డబ్ల్యూ అన్న అంకెలు నమ్మకండి, ఒక కంపెనీ పది ఇంకో కంపెనీ ఏడున్నర కంటే పలచగా ఉండొచ్చు. కంపెనీ డేటా షీట్‌లో 40 డిగ్రీల దగ్గర ఎన్ని సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) అని ఉంటుంది, అదీ, విస్కాసిటీ ఇండెక్స్ అన్న అంకే చూడండి. ఇండెక్స్ ఎక్కువుంటే చలిలో తక్కువ చిక్కబడుతుంది. ఎమ్యులేటర్ వేశాక కంప్రెషన్‌ని వాల్వ్ చూసుకుంటుంది, ఫోర్కు తిరిగి తెరుచుకునే వేగం, అంటే రీబౌండ్, మాత్రం ఆయిల్ చిక్కదనం మీదే నడుస్తుంది. మే నెలలో మా రేకుల షెడ్డులో 42 డిగ్రీల ఎండలో సరిగ్గా అనిపించిన ఆయిల్ సర్చూలో పొద్దున్నే పాకంలా ఉంటుంది. అందుకని కావాలనే ఇక్కడ కొంచెం పలచగా, కొంచెం చురుగ్గా అనిపించే ఇండెక్స్ ఎక్కువున్న ఆయిల్ పోసి, మట్టం 140 మిల్లీమీటర్లకి దించాం. సిరంజికి సన్న గొట్టం తగిలించి, 140 దగ్గర గుర్తు పెట్టి, అంతకు పైన ఉన్నది లాగేస్తే రెండు కాళ్ళూ సమానంగా వస్తాయి.

వెనక పని త్వరగా అయిపోయింది. అల్యూమినియం బాడీ, నైట్రోజన్ గ్యాస్ ఉన్న మోనోట్యూబ్ (ఒకే గొట్టం) షాక్, రీబౌండ్ మార్చుకునే క్లిక్కర్ ఉన్నది తెప్పించాం. తయారుగా వచ్చే స్ప్రింగ్ 80 కిలోల రైడర్‌కి, మేం ఆర్డర్ పెట్టేటప్పుడే ఒక మెట్టు మెత్తటిది అడిగాం. దానికి అదనంగా తొమ్మిది రోజులు ఆగాల్సి వచ్చింది, టీచర్ గారు రోజూ ఫోన్ చేశారు, ఆ టెన్షన్ నాకూ ఉంది. ఆగడం మంచిదైంది. ఆవిడ కూర్చుంటే 40, లగేజీతో 53. గ్యాస్ షాక్‌కి ఎత్తు పెద్ద తేడా చేయదు, లోపలి ఒత్తిడి వందల పీఎస్ఐలో ఉంటుంది కాబట్టి.

ఇందులోంచి అనుకోని లాభం ఒకటి వచ్చింది. ఆవిడ ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, సీటు 800 మిల్లీమీటర్లు. ఇన్నాళ్ళూ కాలి మునివేళ్ళే నేలకి తగిలేవి, అందరూ లోయరింగ్ లింక్ వేయించుకోమన్నారు. లోయరింగ్ లింక్ వేస్తే వెనక భాగం దిగుతుంది, బండి పొట్ట రాళ్ళకి దగ్గరవుతుంది, ముందు వెనకల లెక్క మారిపోతుంది. ఇప్పుడు సాగ్ కుదిరాక, లగేజీతో ముందూ వెనకా సుమారు రెండున్నర సెంటీమీటర్లు సమానంగా దిగింది, పాదం ముందు సగం పూర్తిగా ఆనింది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అదెంత ధైర్యమో పొట్టివాళ్ళని అడగండి.

టెస్టుకి మళ్ళీ అనంతగిరికే పోయాం, అదే దారి, అదే మనిషి, లగేజీ కట్టుకుని. నేను వెనక నా బండి మీద ఉన్నాను. రాళ్ళ దారిలో ముందు చక్రం ఎగరడం ఆగిపోయింది, నేల మీదే పాకుతోంది, హ్యాండిల్ నిశ్చలంగా ఉంది, అది వెనక నుంచి చూస్తుంటేనే తెలుస్తోంది. జిప్‌టై 164 దగ్గర ఆగింది. ఎమ్యులేటర్ స్ప్రింగ్ రెండు చుట్లు బిగించి పెట్టాం, బ్రేకు వేసినప్పుడు ముందు కొంచెం ఎక్కువ ముడుచుకుంటోందని ఇంకో అర చుట్టు తిప్పాం. దానికోసం క్యాప్ విప్పి, స్ప్రింగ్ తీసి, పొడుగాటి అయస్కాంతంతో వాల్వ్‌ని బయటికి లాగాలి, అర చుట్టుకి ముప్పావు గంట. సాయంత్రం చాయ్ దగ్గర ఆవిడ గ్లవ్స్ తీసి అరచేతులు చూసుకున్నారు, నాకేం చూపించలేదు, చూపించాల్సిన పనీ లేదు.

బండి సికింద్రాబాద్ స్టేషన్‌లో ట్యాంక్ ఖాళీ చేయించి పార్సిల్‌లో ఢిల్లీ పంపారు, అక్కడి నుంచి మనాలి, అటల్ టన్నెల్ దాటి లాహౌల్. జిస్పా నుంచి మెసేజ్ వచ్చింది: "సూపర్ ఉంది అన్నా." తర్వాత మూడు రోజులు ఏమీ లేదు. ఆ దారిలో సిగ్నల్ ఉండదని తెలిసినా ఫోన్ చూస్తూనే ఉన్నాను.

లేహ్ చేరాక ఫోన్ చేశారు. బారాలాచా కనుమ దాకా బాగానే ఉందట. గాటా లూప్స్ 21 మలుపులూ ఎక్కి, లాచులుంగ్ లా (లా అంటే కనుమ) మీద ముందు భాగం బిర్రుగా అయిందట, చిన్న రాళ్ళ దెబ్బలు మళ్ళీ చేతికి తగిలాయి. టంగ్‌లంగ్ లా మీద ఇంకా ఎక్కువ. "పాత షాపు దిమ్మ మళ్ళీ ఎవరో పెట్టినట్టు ఉందన్నా. కానీ లేహ్ దిగినంక కొంచెం తగ్గింది, నేనేం ముట్టుకోలే."

ఆ చివరి మాట దగ్గర నాకు వెలిగింది. ఎవరూ ముట్టుకోకుండా పైకి పోతే గట్టిపడి, కిందికి వస్తే మెత్తబడేది గాలి ఒక్కటే. ఫోర్కు క్యాప్ నేను ఫతేనగర్‌లో, సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో బిగించాను. అప్పుడు లోపల ఇక్కడి గాలి, సుమారు 13.8 పీఎస్ఐ. టంగ్‌లంగ్ లా 5,328 మీటర్లు, అక్కడ బయట 7.6 దాకా ఉంటుంది. లోపలి గాలి చలికి కాస్త ముడుచుకుని 12కి వచ్చిందనుకున్నా, బయటికంటే నాలుగున్నర ఎక్కువ. 41 మిల్లీమీటర్ల గొట్టం మీద ఆ ఒత్తిడి ఒక్కో కాలికి నాలుగు కిలోల పైన, రెండు కాళ్ళకీ కలిపి ఎనిమిదిన్నర. ఎవరో కింద నుంచి ఎనిమిదిన్నర కిలోల బలంతో ఫోర్కుని పైకి నెడుతున్నట్టు. సాగ్‌లో ఆరేడు మిల్లీమీటర్లు పోతాయి. 90 కిలోల రైడర్ అయితే అంతగా గమనించడేమో. 52 కిలోల మనిషి ముందు చక్రం మీద మోపేదే ఇరవై కిలోల చిల్లర, అందులో ఎనిమిదిన్నర అంటే చిన్న సంగతి కాదు. దానికి చలికి చిక్కబడ్డ ఆయిల్ తోడైంది.

వీడియో కాల్‌లో చేయించాం. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ కింద చెక్కముక్క పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపి, పైన బిగింపు బోల్టు వదులు చేసి, క్యాప్‌ని పానాతో మెల్లగా ఒక చుట్టు, ఇంకో పావు చుట్టు. స్ప్రింగ్ నొక్కి ఉంటుంది కాబట్టి అంతకుమించి తిప్పొద్దని మూడుసార్లు చెప్పాను. "స్స్" అని ఫోన్‌లో నాకూ వినపడింది. ఎడమ వైపు కూడా అంతే. మళ్ళీ బిగించి, బ్రేకు పట్టి రెండుసార్లు నొక్కి చూసి, "ఆఁ, వచ్చింది" అన్నారు. లేహ్ 3,500 మీటర్లు, అక్కడ వదిలిన తర్వాత ఖార్దుంగ్ లా 5,359 ఎక్కినా తేడా రెండు పీఎస్ఐకి మించదు. పొద్దున మొదటి పది కిలోమీటర్లు మాత్రం ఫోర్కు బద్ధకంగానే ఉండేదట, ఆయిల్ వేడెక్కేదాకా. దానికి ఇంకా పలచటి ఆయిల్ వేయొచ్చు, అప్పుడు మధ్యాహ్నం ఊగుతుంది. నేనైతే ఇలాగే ఉంచుతాను.

జూన్ రెండో వారంలో, బడులు తెరవకముందే బండి వెనక్కి వచ్చింది. ముందు భాగం చూడగానే కొంచెం కుంగినట్టు ఉంది, సాగ్ కొలిస్తే 59. అది కూడా అదే లెక్క, తిరగేసి: లేహ్ గాలి లోపల బందీ అయి ఉంది, మన గాలి బయట నుంచి నొక్కుతోంది. జిప్‌టై 186 దగ్గర ఉంది, నుబ్రా పోయేటప్పుడు నీళ్ళు పారే ఒక పాయలో పెద్ద రాయికి కొట్టిందట, అయినా అడుక్కి తగల్లేదు. ఎడమ సీల్ పొడిగా ఉంది, గాటు సాపు చేసిన చోట వేలు పెట్టి చూశాను. ఆయిల్ బూడిద రంగుకి తిరిగింది, లోహపు పొట్టు లేదు.

షాక్, ఎమ్యులేటర్ కిట్, బుష్‌లు, సీల్స్, లేత్ పని, కూలీ అన్నీ కలిపి బిల్లు 46 వేలు దాటింది. వీడియో కాల్‌కి, ఈసారి పెట్టిన, గాలి వదిలే రెండు బ్లీడర్ స్క్రూలకి డబ్బులు తీసుకోలేదు. అవి మొదటిసారే పెట్టాల్సినవి. లేత్ ఉస్తాద్ క్యాప్‌లకి నడుమ సన్నటి మర రంధ్రం వేసి ఇచ్చారు, ఇప్పుడు పానా అక్కర్లేదు, చక్రం గాల్లోకి లేపి వేళ్ళతో అర చుట్టు తిప్పితే గాలి సమానమైపోతుంది. ఇప్పుడు మా షెడ్డు నుంచి కొండలకి పోయే ప్రతి బండికీ క్యాప్ బిగించేటప్పుడే ఈ స్క్రూలు పెడుతున్నాం.

కుడి క్యాప్ వదులు చేసినప్పుడు ఈసారి గాలి బయటికి రాలేదు, లోపలికి పోయింది. టీచర్ గారు వంగి చెవి దగ్గర పెట్టి విన్నారు. "లేహ్ గాలి ఇది," అన్నారు, ఎడమ వైపు క్యాప్ తామే తిప్పుతామని పానా అడిగి తీసుకున్నారు.